పారిపోయినవాడి పన్ను

వెనకిల్లు, మెట్ల కింది గది

అత్తయ్యా,

ఈ ఉత్తరంతో పాటు ఒక చిన్న గొట్టం పంపుతున్నాను. దాన్లో ఉమ్మి, మూత బిగించి, తిరిగి పంపాలి. నీకు ఇలాంటి ఉత్తరం రాస్తానని కలలో కూడా అనుకోలేదు.

పళ్ళ ఆసుపత్రికి వందేళ్ళు నిండుతున్నాయని పెదనాన్న సావనీరు వేయిస్తున్నాడు. చదువైపోయి ఖాళీగా కనిపిస్తున్నది నేనే కాబట్టి రాసే పని నా నెత్తిన పడింది. వంశవృక్షానికి శాస్త్రీయమైన పునాది ఉండాలట. అందుకని డీఎన్ఏ పరీక్షకి అందరికీ ఈ గొట్టాలు తెప్పించి, ఆదివారం ముందింటి భోజనాల బల్ల చుట్టూ కూర్చోబెట్టి ఉమ్మించాడు. పెద్దమ్మ గోడవైపు తిరిగి ఉమ్మింది. చిన్నవదిన మధ్యలో నవ్వేసరికి నురగ బల్ల మీద పడింది. చేత్తో తుడిచేసింది. ఆ బల్ల మీదే తర్వాత అందరూ భోంచేశారు. నేనూ ఉమ్మాను గానీ తినకుండా, తలనొప్పి అని చెప్పి వచ్చేశాను.

"ఉమ్మడానికి సిగ్గేమిటే, మనది ఊళ్ళోవాళ్ళ నోళ్ళల్లో చేతులు పెట్టి పైకొచ్చిన వంశం" అన్నాడు పెదనాన్న.

మొదటి పేజీ ఇలా రాశాను, చూడు. "అన్నదమ్ములిద్దరు కట్టుడుపళ్ళు చేసే పనితో మొదలుపెట్టారు. అన్నగారిని అందరూ పెద్దాయన అంటారు. ఆయన మనవలు డాక్టర్లై ముందింట్లో ఆసుపత్రి నడుపుతున్నారు. తమ్ముడి సంతానం వెనకింట్లో ప్లాస్టరు అచ్చులు పోసే పని చూస్తున్నారు. ఈ ఇంట్లో పెరిగి పెద్దయిన ప్రతి ఒక్కరి పలువరసకీ, కోడలై వచ్చిన ప్రతి ఆడమనిషి పలువరసకీ అచ్చు తీసి అద్దాల బీరువాలో ఉంచడం ఆచారం."

తర్వాతి వాక్యం నాది కాదు. పెదనాన్న పాత వ్యాసంలోంచి తీసిచ్చాడు. "తమ్ముడు తన భార్య నోటికి తాళలేక, గర్భవతిగా ఉన్న ఆమెను విడిచి దేశాంతరం పోయెను." ఆ భార్యే ముత్తవ్వ. ఆమె గురించి పుస్తకం మొత్తంలో ఉండేది ఆ ఒక్క ముక్క. అదే వెయ్యాలట.

ఇంట్లో ఏ ఆడపిల్ల గొంతు లేచినా "ముత్తవ్వ నోరు" అంటారు. నిన్ను అనీ అనీ ఇంట్లోంచే పంపేశారని విన్నాను. నన్నెవరూ అనలేదు. అనిపించుకోకూడదనే నేను మాట్లాడటం మానేశానేమో అని ఈమధ్య అనిపిస్తోంది.

పారిపోయినాయన ఎక్కడికి పోయాడో, ఎందుకు పోయాడో తెలిస్తే ఆ వాక్యం తీసేయించవచ్చు. నాన్న గొట్టం ముట్టుకోలేదు. "ప్లాస్టరు గట్టిపడిపోతోంది" అంటూ వెళ్ళిపోయాడు. వెనకింటి తరఫున ఆ తరంలో ఇంక నువ్వే ఉన్నావు.

నీ పురుగు


కళ్ళద్దాల దుకాణం, వెనక బల్ల

ఒసే పుస్తకాల పురుగూ,

నా ఉమ్మి మీ పెదనాన్నకి కావాలా? చిన్నప్పుడు అడిగి ఉంటే ఉచితంగా, ఎదురుగా నిలబడి ఇచ్చేదాన్ని.

గొట్టం నా బల్ల మీదే ఉంది. పొద్దుట్నుంచీ అద్దాలు అరగదీస్తున్నాను, మధ్యమధ్యలో అది నన్ను చూస్తోంది. పంపను.

పారిపోయినవాడి కోసం వెతికి ఏం బావుకుంటావే? దొరికితే మాత్రం, ఎముకల్ని నిలబెట్టి "ఎందుకు పోయావయ్యా" అని అడుగుతావా? మగాడు ఇల్లు వదిలిపోతే ఆడదాని నోరే కారణమని ఒక మాట అనుకున్నారు. ఆ మాట వాళ్ళకి సుఖంగా ఉంది. అంతే.

నీ ముత్తవ్వ, అంటే మా నానమ్మ గురించి ఒక్క సంగతి చెప్తాను. నువ్వామెను చూడలేదు. పళ్ళు కట్టే ఇంట్లో ఆమె బోసినోటితో బతికి, బోసినోటితో పోయింది. బ్రెడ్డు పాలల్లో నానబెట్టి నేనే తినిపించేదాన్ని. ఊరందరికీ పళ్ళు పెట్టినవాళ్ళు ఇంటి మనిషికి ఎందుకు పెట్టలేదని నువ్వెప్పుడైనా అడిగావా? వాళ్ళు పెడతామన్నారు. ఆమే నోరు తెరవలేదు. చెయ్యి దగ్గరికి తెస్తే పెదవులు బిగించేసేది.

నోరున్న మనిషట! నాకు తెలిసినంతలో ఆ ఇంట్లో ఆమెకంటే తక్కువ మాట్లాడింది నువ్వొక్కదానివే.

వెతకడం మానెయ్. కళ్ళు జాగ్రత్త. పడుకుని చదవకు.

అత్తయ్య


వెనకిల్లు, మెట్ల కింది గది

అత్తయ్యా,

మానలేదు. కోపం తెచ్చుకోకు.

పారిపోయినాయన మనవరాలు దొరికింది. ఎక్కడో దూరంగా ఉంటుంది, కొలనులో పిల్లలకి ఈత నేర్పుతుంది. తనూ ఎప్పుడో సరదాకి ఇలాంటి గొట్టంలో ఉమ్మిందట. పెదనాన్నకీ నాకూ కాస్తకాస్త కలుస్తోందని కంప్యూటరే చూపించింది. నేను ఉత్తరం రాశాను, మర్యాదగా జవాబిచ్చింది. వాళ్ళ తాత పేరు, అన్నగారి పేరు, ఊరు అన్నీ సరిపోయాయి. ఆయన లారీ నడిపేవాడట. మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడట. పళ్ళపని జోలికి మాత్రం మళ్ళీ పోలేదట.

పెదనాన్న "దొరికాడ్రా దొంగ!" అని బల్ల గుద్దాడు. టీ ఒలికింది.

నన్ను తినేస్తున్న విషయం ఇంకోటుంది. మన వెనకింట్లో అందరికీ ఒక గింజపన్ను వస్తుంది కదా. పైన, ఎడమ కోరపన్నుకి ముందు ఉండాల్సిన పన్ను బియ్యపుగింజంతే పుడుతుంది. నీకుంది, నాన్నకుంది, నాకుంది. నాకు పద్దెనిమిది రాగానే నాన్న దానిమీద క్యాపు వేసేశాడు. "పారిపోయినవాడి పన్ను, దాచెయ్యండి" అని పెదనాన్న ప్రతి వేడుకలోనూ చెప్పి నవ్విస్తాడు. ముందింట్లో ఒక్కరికీ లేదు. అందుకే అది తమ్ముడినుంచి వచ్చిందంటారు.

ఈతావిడని అడిగాను. వాళ్ళింట్లో ఎవరికీ లేదట. వాళ్ళ తాత నవ్వుతున్న ఫోటో ఒకటి పంపింది. అన్ని పళ్ళూ ఉన్నాయి, పూసలు గుచ్చినట్టు.

పారిపోయినవాడి పన్ను పారిపోయినవాడికే లేదు.

అత్తయ్యా, నీకేదో తెలుసు. చెప్పకపోతే పోనీ. గొట్టం పంపు.

పురుగు


కళ్ళద్దాల దుకాణం

పురుగూ,

పంపాను. గొట్టం నిండడానికి చాలాసేపు పట్టింది. మీ పెదనాన్న ముఖం గుర్తు తెచ్చుకుంటే నోరు ఊరుతుందనుకున్నాను, ఎండిపోయింది.

ఫలితం కాగితం వస్తే ఒక్కదానివే చదువు. చదివాక వెంటనే అన్నం ముందు కూర్చోకు.

అత్తయ్య


వెనకిల్లు

అత్తయ్యా,

వచ్చింది.

ఈతావిడ పారిపోయినాయన మనవరాలు. నువ్వూ ఆయన మనవరాలివే అయితే మీ ఇద్దరికీ బాగా కలవాలి. పెదనాన్న అన్నగారి మనవడు కాబట్టి ఆమెకి అంతకంటే దూరం కావాలి. కాగితంలో అలా లేదు. ఆమెకి నువ్వెంత దూరమో పెదనాన్నా అంతే దూరం. నువ్వూ పెదనాన్నా మాత్రం ఉండాల్సినదానికి రెట్టింపు దగ్గర.

అక్కడే కూర్చుండిపోయాను. మీ నాన్నా, పెదనాన్న తండ్రీ అన్నదమ్ముల పిల్లలు కారు. ఒకే తండ్రి పిల్లలు.

మనం వెతుకుతున్నవాడు ఎక్కడికీ పోలేదు. పెద్దాయన ఫోటోగా ప్రతి గదిలో గోడ మీద ఉన్నాడు. నా గదిలో కూడా ఉన్నాడు. నేను రోజూ ఆయన ఎదురుగానే బట్టలు మార్చుకున్నాను. లేచి ఫోటోని గోడవైపు తిప్పేశాను. వెనకవైపు చెదలు పట్టి ఉంది. దాన్ని తాకిన చేతిని కడుక్కుని, మళ్ళీ కడుక్కున్నాను.

కాగితం తప్పయి ఉండొచ్చు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. అప్పుడు పెద్దాయన అచ్చు గుర్తొచ్చింది. బీరువాలో అందరి అచ్చులూ అరల్లో ఉంటాయి, ఆయనది ఒక్కటే మఖమలు పెట్టెలో. ముందుపళ్ళు కనిపించేలా దాన్ని లోపల కూర్చోబెట్టారు. సావనీరుకి ఫోటో తీయాలని తాళం అడిగాను. పెట్టె తెరవగానే లవంగనూనె కంపు. అచ్చుని బయటికి తీసి లోపలివైపు తిప్పి చూశాను.

నాన్న దగ్గర చిన్నప్పట్నుంచీ చూస్తున్నదాన్ని కాబట్టి తెలిసింది. ఎడమ కోరపన్ను వెనక సన్నటి తీగ ఆనవాలు ఉంది. కొక్కెంలా చుట్టు తిరిగి, దాని ముందున్న పన్నులోకి పోయింది. ఆ పన్ను ఆయనది కాదు, తగిలించుకున్నది. అచ్చు తీసేటప్పుడు కట్టుడుపన్ను తీసేయాలని ఈ పనిలో మొదటిరోజే చెప్తారు. ఆయన తీయలేదు. కావాలనే. ఆ చోట తన నోట్లో ఏముండేదో ఎవరూ చూడకూడదని. వందేళ్ళుగా ఇంటినిండా పళ్ళపని తెలిసినవాళ్ళే, ఒక్కరూ దాన్ని వెనక్కి తిప్పి చూడలేదు. పూజ్యమైన వస్తువుని ఎవరు తిరగేస్తారు?

అద్దంలో నా పన్ను చూసుకున్నాను, క్యాపు వేసినదాన్ని. ఇది నా నోట్లో పుట్టిన ఆయన ముక్క.

నువ్వు చెప్పినట్టే అన్నం ముందు కూర్చోలేదు.

ఇప్పుడైనా చెప్పు.


కళ్ళద్దాల దుకాణం, పై గది

తల్లీ,

చెప్తాను. కూర్చుని చదువు.

కొత్త కోడలు రాగానే అచ్చు తీయడం మన ఆచారమని గొప్పగా రాశావు. ఆ ఆచారం మొదలైంది మా నానమ్మతో. పెద్దాయన కుర్చీలో కూర్చోబెట్టి, తల వెనక్కి వంచి, నోటినిండా వేడిమైనం కూరి, "కదలకు" అన్నాడట. తమ్ముడు సరుకు తేవడానికి పోయి నెలపాటు ఊళ్ళో లేడు. అచ్చు సరిగ్గా రాలేదని మళ్ళీ రమ్మన్నాడట. మళ్ళీ సరిగ్గా రాలేదట. అచ్చు ఎన్నాళ్ళకీ సరిగ్గా రాలేదు.

ఇది ఆమె నాతో ఒక్కసారే అన్నది, మంచం మీద దుప్పటి మారుస్తుంటే. "వద్దన్నానే. మైనం ఉంటే మాట రాదు. తీశాక కూడా రాలేదు" అంది. తర్వాత, "ఆ చేతులకి లవంగనూనె వాసన. ఇప్పటికీ ఎవరి చెయ్యి దగ్గరికొచ్చినా అదే వాసన" అంది. అంతే. బ్రెడ్డు ముక్క అడిగింది.

ఆమె పోయిన వారానికి ముందింటి బల్ల దగ్గర అందరం తింటున్నాం. మీ పెదనాన్న తండ్రి "పాపం, మొగుణ్ణి తరిమేసిన నోరు ఎట్టకేలకి మూతపడింది" అన్నాడు. నాకప్పుడు నీ వయసు. అన్నీ చెప్పేశాను, మైనంతో సహా. మీ నాన్న "నోర్ముయ్యవే" అన్నాడు. ముందింటాయన చారు కలిపి గుటక వేసి, "ఇదిగో, ముత్తవ్వ నోరు దీనికొచ్చింది" అన్నాడు. నవ్వారు కూడా.

నేను మా నాన్న వైపు చూశాను. ఆ కడుపున పుట్టినవాడు ఆయనే కదా. ఆయన కంచంలోకి చూస్తూ నెమ్మదిగా నమిలాడు. ఆయనకి ముందే తెలుసు. నాకు ఆ రోజు పెద్దాయన మీద అసహ్యం వేయలేదే. చచ్చినవాడు. తింటూ కూర్చున్నవాళ్ళ మీద వేసింది. తెల్లారి సంచీ సర్దుకుని వచ్చేశాను. నా పళ్ళ అచ్చు ఆ బీరువాలో లేదు, చూసే ఉంటావు.

నువ్వడిగినప్పుడు చెప్పలేదంటే, నా మాటగా వింటే అది నా నోరే అవుతుంది. కాగితమైతే దాన్ని ఎవరూ అలా అనలేరు.

అత్తయ్య


వెనకిల్లు, ప్లాస్టరు గది

అత్తయ్యా,

పెదనాన్నకి కాగితం చూపించాను. చదివాడు. అర్థమైంది, ఆయన డాక్టరు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"పుచ్చిన పన్ను ఎప్పుడూ కెలక్కూడదమ్మా. సిమెంటేసి మూసేయాలి."

మూసేస్తే కింద చీము పడుతుందని నా చిన్నప్పుడు బొమ్మ గీసి చెప్పింది ఆయనే. గుర్తుచేద్దామనుకున్నాను. కాగితం మడతపెట్టుకున్నాను.

"నువ్వు తెలివైనదానివి. వందేళ్ళ సభ రోజు వేదిక మీద నా పక్కన కూర్చో. సావనీరు నీ పేరుతోనే వస్తుంది" అని నా తల నిమిరాడు. ఆయన చేతికీ అదే వాసన. అది వాళ్ళ వృత్తి వాసనే, తెలుసు. అయినా స్నానం చేశాను.

ముత్తవ్వ మీద ఒక పేజీ రాశాను. నింద ఏమీ లేదు, ఆమె ఎవరినీ తరమలేదని మాత్రమే రాశాను. ప్రెస్సునుంచి వచ్చిన ప్రూఫులో ఆ పేజీ లేదు. ఆ పాత వాక్యం యథాతథంగా ఉంది, కింద నా పేరు.

ఈతావిడ మళ్ళీ రాసింది. తమ్ముడు సరుకుతో తిరిగొచ్చేసరికి అన్నగారే గుమ్మంలో ఎదురొచ్చి, "నీ పెళ్ళాం నోటికి హద్దులేదు, నామీద అభాండాలు వేస్తోంది" అన్నాడట. ఈయన ఆ పూటే వెళ్ళిపోయాడు. ముసలితనంలో రెండో భార్యతో అనేవాడట: "అడగాల్సింది ఆమెను. వాణ్ణి అడిగాను." చదివి జాలిపడదామనుకున్నాను. జాలి రాలేదు. లారీ వెనక్కి తిప్పడానికి ఆయనకి ఒక జీవితం టైముంది.

నాన్నని అడిగాను. ఆయన గిన్నెలో ప్లాస్టరు కలుపుతున్నాడు.

"నీకు తెలుసా నాన్నా?"

"తెలుసు."

"మరి అత్తయ్యని ఎందుకు నోర్ముయ్యమన్నావు?"

చాలాసేపు కలిపాడు. "ఎక్కడికి పోతాం అనుకున్నానే. ముక్కు మూసుకుని బతకొచ్చనుకున్నాను. కొన్నాళ్ళకి వాసన తెలియడం మానేసింది."

గిన్నెలో ప్లాస్టరు రాయయిపోయింది. ఆయన జీవితంలో అలా జరగడం నేను చూడలేదు.

పురుగు


కళ్ళద్దాల దుకాణం

పురుగూ,

నీ పేరు కింద ఆ వాక్యం వేస్తారా? వాళ్ళ ఆసుపత్రి, వాళ్ళ ప్రెస్సు, వాళ్ళ మైకు. నువ్వా, వడ్డించేవాళ్ళకి "చాలు" అని కూడా చెప్పలేవు, కంచం మీద చెయ్యి అడ్డం పెడతావు. ఏం చేస్తావు?

నేను వచ్చి అరవనా? వస్తాను. కానీ నేనరిస్తే మళ్ళీ పాత పాటే. సంచీ సర్దుకుని నా దగ్గరికి వచ్చెయ్. ఇక్కడ రెండో మంచం ఉంది.

అత్తయ్య


బస్టాండు, బెంచీ మీద

అత్తయ్యా,

వస్తున్నాను. ఉత్తరం నాకంటే ముందు చేరదు, అయినా రాస్తున్నాను. ఎదురుగా కూర్చుంటే ఇంత చెప్పలేను.

సభకి ముందురోజు నాన్న దగ్గరికి వెళ్ళి నా క్యాపు తీసేయమన్నాను. లోపలికెళ్ళి సబ్బుతో మోచేతులదాకా కడుక్కుని వచ్చాడు. లవంగనూనె సీసా తీసి కిటికీ బయట పెట్టాడు. "నోరు తెరువమ్మా. నొప్పైతే చెయ్యెత్తు, ఆపేస్తాను" అన్నాడు. నిజంగానే ఒకసారి ఎత్తాను. వెంటనే ఆపేశాడు. తర్వాత తనంతట తనే నా పలువరసకి కొత్త అచ్చు పోశాడు, గింజపన్నుతో.

సభకి వచ్చినవాళ్ళందరూ డాక్టర్లే. ఎక్కడెక్కడి పళ్ళ డాక్టర్లనో పెదనాన్న పిలిచాడు. అద్దాల బీరువాని హాల్లోకి తెప్పించి అచ్చులు సర్దే పని నాకే ఇచ్చాడు, నేను మాట్లాడను కాబట్టి. నేను మాట్లాడలేదు. పెద్దాయన అచ్చుని పెట్టెలోంచి తీసి, వెనక్కి తిప్పి, లోపలివైపు కనిపించేలా పెట్టాను. ముందుపళ్ళు కనిపించేందుకు వెనక చిన్న అద్దం ఉంచాను. పక్కన నా కొత్త అచ్చు. రెండింటి మీదా దీపం. చీటీల మీద ఏమీ కలపలేదు. ఒకదాని మీద "పెద్దాయన", ఇంకోదాని మీద "తమ్ముడి మునిమనవరాలు".

వేదిక మీద నా కుర్చీ ఖాళీగా ఉంది. బీరువా పక్కన నిలబడ్డాను. పెదనాన్న ఎప్పటిలాగే మొదలుపెట్టాడు. "మా వెనకింటివాళ్ళకి ఒక పన్ను బియ్యపుగింజంత వస్తుందండీ. అది పారిపోయినవాడి పన్ను! ముందింటి రక్తంలో అది లేనేలేదు!" అందరూ నవ్వారు. డాక్టర్లు కదా, అలాంటి పన్నంటే వాళ్ళకి ఆసక్తి. టీ కప్పులతో నేరుగా బీరువా దగ్గరికి వచ్చారు.

ముందు ఒకాయన వంగి చూశాడు. "ఇది కొక్కెమేనా?" అన్నాడు పక్కాయనతో. పక్కాయన కళ్ళద్దాలు సవరించుకుని, ఆ అచ్చునీ నా అచ్చునీ మార్చి మార్చి చూశాడు. తర్వాత చీటీలు చదివాడు. నవ్వు ఆగింది ముందు వరసలో. వెనకవాళ్ళు ఇంకా నవ్వుతూనే వచ్చి, ముందువాళ్ళ ముఖాలు చూసి ఆపేశారు. జుట్టంతా నెరిసిన ఒక డాక్టరమ్మ నా దగ్గరికి వచ్చి, నెమ్మదిగా, "ఇది నీదేనా తల్లీ? చూడొచ్చా?" అని అడిగింది. చేతులు వెనక్కి కట్టుకునే అడిగింది. నోరు తెరిచి చూపించాను.

ఆవిడ టీ కప్పు బల్ల మీద పెట్టేసింది. తాగలేదు. "నీ ముత్తవ్వకి అప్పుడు ఎన్నేళ్ళు?" అంది.

నాకు తెలియదన్నాను. ఎవరూ రాసిపెట్టలేదన్నాను.

అప్పటికి పెదనాన్న దిగి వచ్చాడు. ముఖం ప్లాస్టరు రంగులో ఉంది. "ఎవరు తిప్పారిది?" అన్నాడు, పళ్ళు బిగించి.

"నేను."

"నువ్వా!"

"నేనే పెదనాన్నా. ఆవిడ ఎవర్నీ తరమలేదు." అంతమందిలో అంత గట్టిగా మాట్లాడటం నా జన్మలో అదే మొదలు. గొంతు నాదిలా లేదు, పగిలినట్టు వచ్చింది.

ఆయన ఆ మాటే అన్నాడు. దానికోసమే ఎదురుచూస్తున్నాను. "ముత్తవ్వ నోరు వచ్చిందే నీకు!"

"వచ్చింది" అన్నాను.

వెనక వరసలో నాన్న లేచి నిలబడ్డాడు. నా సంచీ ఆయన చేతిలో ఉంది. బస్టాండుదాకా మోసుకొచ్చాడు. ఇప్పుడు నా పక్కనే బెంచీ చివర కూర్చుని బూట్లవైపు చూస్తున్నాడు. నీ దుకాణం ఏ వీధిలో అని రెండుసార్లు అడిగాడు. నేను చెప్పలేదు. నిన్నడిగి చెప్తానన్నాను.

బస్సు వచ్చింది.

నీ పురుగు